ఆటపెట్టెకు క్రొత్త గాదె

మైపాడు సముద్రతీరమునకు చేరువనున్న ఒక గ్రామము నుండి శ్రోత యొకరు ఇటీవల మాకు జాబు వ్రాసిరి. వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. వారి పెద్ద కుమారుడు ఓడలో ఉద్యోగమునకు పోవుచు, తాను వాడుకొనుచుండిన స్టీమ్ డెక్ అను చేతి ఆటపెట్టెను తమ్మునకు ఇచ్చి వెళ్ళెనట. అన్నదమ్ములిరువురును రెండేండ్లుగా కలసి సాగించుచున్న వ్యవసాయపు ఆట యొకటి అందులో కలదు. ఇప్పుడు ఆ పెట్టె నిండిపోయినది. క్రొత్త ఆట ఒక్కటియు పట్టుట లేదు. "లోపలి నిల్వ పలకను మార్చినచో సరిపోవునని చెప్పుచున్నారు. కాని అన్న వేసిన చేను పోవునేమో అని చిన్నవాడు పెట్టెను ముట్టనిచ్చుట లేదు. ఏమి చేయవలెను?" అని వారి ప్రశ్న.

చిన్నవాని భయము నిర్హేతుకము కాదు. నిల్వ పలకను మార్చుట నెమ్మది గల చేతికి ఒక గంట పని. క్రొత్త పలక అంగడిలో దొరకును. పాత పలకలో వ్రాయబడియున్న రెండేండ్ల ఆట మాత్రము ఏ అంగడిలోను దొరకదు. అందుచేత ఈ పనిలో మొదటి మెట్టు స్క్రూలు విప్పుట కాదు. ఉన్నదానిని మరియొక చోట భద్రముగా దాచి, దాచినది సరిగా ఉన్నదో లేదో చూచుకొనుట. అట్లేల చేయవలెనో, పలకను మార్చుట ఎట్లో వరుసగా చెప్పెదము.

స్టీమ్ డెక్ అమెరికా దేశపు వాల్వ్ సంస్థ రూపొందించిన యంత్రము. 2022 ఫిబ్రవరి చివర అది కొనుగోలుదారులకు చేరనారంభించినది. చూచుటకు ఆటవస్తువే కాని, నిజమునకు అది రెండు చేతులతో పట్టుకొనదగిన సంపూర్ణమైన కంప్యూటరు. తొలి నమూనాలు 64, 256, 512 గిగాబైట్ల నిల్వతో వచ్చినవి. 2023 నవంబరులో ఓ.ఎల్.ఇ.డి. తెరతో వచ్చిన నమూనాలలో 512 గిగాబైట్లు గాని, 1 టెరాబైటు గాని ఉండును. మా శ్రోత ఇంటనున్నది వీనిలో అతి చిన్నది. నేటి పెద్ద ఆటలలో 'బాల్డర్స్ గేట్ 3' ఒక్కటియే 150 గిగాబైట్ల చోటు కోరుననినచో, 64 గిగాబైట్లలో ఎంత ఇరుకో ఊహింపవచ్చును.

ఇట్టి యిరుకునకు అందరికిని మొదట తట్టు ఉపాయము మెమరీ కార్డు. ఆ పెట్టెకు కార్డు దూర్చు సందు ఉన్నది. ఆటలను కార్డుపై ఉంచుకొనవచ్చును. కాని కార్డు వేగము క్షణమునకు సుమారు 100 మెగాబైట్లు మాత్రమే. లోపల అమర్చు ఎన్.వి.ఎమ్.ఇ. జాతి పలకల వేగము దీనికి పది రెట్లకు మించియుండును. అంతకన్న ముఖ్యమైన చిక్కు వేరొకటి కలదు. ఆట కార్డుపై ఉన్నను, దానిని నడుపుటకు కావలసిన సహాయక ఫైళ్ళు లోపలి పలకలోనే పోగుపడుచుండును. అందుచేత 64 గిగాబైట్ల పెట్టె కార్డు వేసిన పిమ్మటను నిండిపోవుచునే యుండును. 256 లేక 512 గిగాబైట్ల పెట్టె గలవారు మొదట కార్డుతో తృప్తిపడి చూడవచ్చును. తెరువవలసిన పని లేనిచో తెరువకుండుటయే మేలు. నింటెండో స్విచ్ వంటి యంత్రములకైతే నిల్వ పెంచుకొనుటకు కార్డే మార్గము.

ఇక ఆ పలకలో నిజముగా ఏమి నిల్వయుండును? నెల్లూరు సీమవారికి ఈ విద్య బొత్తిగా క్రొత్తది కాదు. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని గూడూరు ప్రాంతపు గనులు అభ్రకమునకు పేరు పొందినవి. పూర్వకాలపు వాల్వు రేడియోల వెనుక అట్ట తీసి చూచినవారు కండెన్సర్లను ఎరుగుదురు. రెండు లోహపు రేకుల నడుమ పలుచని అభ్రకపు పొర నుంచినచో, ఒక రేకుపై చేరిన విద్యుదావేశము రెండవ రేకునకు పోలేక అచ్చటనే నిలుచును. అభ్రకము గట్టి కాపలాదారు. వేడికి లొంగదు, విద్యుత్తును పోనీయదు. రేడియోలో ఆ ఆవేశము క్షణములో అతి స్వల్ప భాగము నిలిచినను చాలును. నిల్వ పలకలో అదే ఆవేశము ఏండ్ల తరబడి నిలువవలెను. భేదమంతయు ఇదియే.

1967 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డవాన్ కాంగ్, సైమన్ జీ అను శాస్త్రజ్ఞులు, చుట్టును విద్యుద్బంధకము గల సూక్ష్మమైన పొరలో ఆవేశమును బంధించి దానినే జ్ఞాపకముగా వాడుకొనవచ్చునని చూపిరి. ఆ మార్గమున జపానులో తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసుఒకా 1984 లో ఫ్లాష్ జ్ఞాపకమును, 1987 లో 'నాండ్' అను దాని రెండవ రూపమును లోకమునకు వెల్లడించెను. నేటి కార్డులు, పెన్ డ్రైవులు, ఫోనులు, ఆటపెట్టెలు అన్నియు ఈ నాండ్ పైననే ఆధారపడియున్నవి.

దీని పనితీరును మన తీరమందలి ఉప్పు మళ్ళతో పోల్చి చెప్పుకొందము. ఇస్కపల్లి వైపు పోయినవారు వరుసలుగా నున్న ఉప్పు మళ్ళను చూచియుందురు. ప్రతి మడికిని చుట్టు గట్టు, లోపల నీరు. నాండ్ పలకలో ప్రతి కణమును అట్టి మడియే. గట్టు బంధకపు పొర, నీరు విద్యుదావేశము. మడి నిండియున్నదా, ఎండియున్నదా అని మాత్రమే చూచినచో ఒక్క సంగతి తెలియును. నీటి మట్టమును ఎనిమిది గీతలతో కొలిచినచో ఒక్కొక్క మడియందు మూడు సంగతులు, పదునారు గీతలతో కొలిచినచో నాలుగు సంగతులు నిలుపవచ్చును. అంగడిలో టి.ఎల్.సి., క్యూ.ఎల్.సి. అని వ్రాసియుండు పలకల భేదమిదియే. గీతలు పెరిగినకొలది చోటు కలిసివచ్చును, వెలయు తగ్గును. కాని మట్టము కొంచెము మారినను లెక్క తప్పును.

ఈ పోలిక నుండి మూడు సంగతులు గ్రహింపవలెను. మొదటిది: ఒక్క మడిని విడిగా ఎండబెట్టుటకు వీలులేదు; వేలకొలది మళ్ళు గల గుంపునంతటిని ఒక్కసారిగా ఖాళీ చేయవలెను. ఆ ఖాళీ చేయునప్పుడు సుమారు 20 వోల్టుల ఒత్తిడితో ఎలక్ట్రానులను గట్టు గుండ త్రోయుదురు. ఆ గట్టు మందము పది నానోమీటర్లకు లోపు. అనగా ప్రతి పర్యాయమును గట్టు కొంత అరుగును. పలకకు ఆయుర్దాయము ఉన్నది. రెండవది: గట్టు ఎంత గట్టిదైనను సన్నగా ఊట యుండును; వేడి హెచ్చినకొలది ఆ ఊట హెచ్చును. మూడవది: పూర్వపు తిరుగుడు డిస్కులు చెడిపోవుటకు ముందు తరచుగా టకటకమని చప్పుడు చేసెడివి, ఈ పలకలు పెక్కు పర్యాయములు ఏ హెచ్చరికయు లేకయే మూగవోవును. చెరిపిన ఫైళ్ళ చోటును కంప్యూటరు తానే ఖాళీ చేయించును గనుక, పొరపాటున చెరిపినదానిని తిరిగి పొందుట దుర్లభము. అందుచేతనే చిన్నవాని భయము సరియైనదని మేము చెప్పినది.

ఇప్పుడు దాచుకొను పని. స్టీమ్ ద్వారా కొన్న ఆటలలో పెక్కింటి దాఖలాలు స్టీమ్ క్లౌడ్ అను దూరపు గిడ్డంగిలో తమంత తామే చేరుచుండును. కాని అన్ని ఆటలకును ఈ సౌకర్యము లేదు. మరియొక చోట కొని ఎక్కించిన ఆటలకు బొత్తిగా లేదు. కావున ఒక్కొక్క ఆట పేరు కాగితముపై వ్రాసికొని, దానికి ఎదుట 'క్లౌడులో ఉన్నది', 'లేదు' అని గుర్తు పెట్టుకొనవలెను. లేనివాని కొరకు పెట్టెను డెస్క్‌టాప్ రీతికి మార్చి, పెన్ డ్రైవులోనికి ఫైళ్ళను నకలు చేయవలెను. విండోసు కొరకు వ్రాయబడిన ఆటలు ఈ పెట్టెలో ప్రోటాన్ అను దుబాసీ సాయమున నడచును. స్టీమ్ ద్వారా అట్లు నడుచు ఆటల దాఖలాలు 'కాంపాట్‌డేటా' అను అరలో సంఖ్యల పేర్లు గల సంచులలో ఉండును. ఏ సంచి ఏ ఆటదో తెలియనిచో ఆ అరనంతటిని నకలు చేయుట క్షేమము. తీసికొన్న చిత్రములను, చలనచిత్రపు ముక్కలను మరువరాదు.

నకలు చేయుటతో పని ముగియలేదు. ఆ పెన్ డ్రైవును వేరొక కంప్యూటరులో పెట్టి ఫైళ్ళు తెరచుకొనుచున్నవా అని చూడవలెను. సాధ్యమైనచో ఆ ఆటనే అచ్చట ఎక్కించి, దాఖలా పలుకుచున్నదా అని పరీక్షింపవలెను. చూడని నకలు నకలు కాదు. పాత పలకను యథాతథముగా క్రొత్తదానిపైకి ప్రతి తీయు పద్ధతియు కలదు. కాని అందులో మూలమేది, ప్రతి ఏది అనుదానిని తారుమారు చేసినచో, ఖాళీ పలక నిండు పలకను తుడిచివేయును. అనుభవము లేనివారు ఆ మార్గమును పట్టకుండుట మంచిది.

పలకను ఎన్నుకొనుట తరువాతి పని. స్టీమ్ డెక్‌లో పట్టునది 'ఎమ్.2 2230' అను కొలత గలది. అంకెల అర్థము సులభము: వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 30 మిల్లీమీటర్లు. 2023 నాటి ఆసుస్ రాగ్ ఆలై యంత్రమునకును ఇదే కొలత. 2024 లో వచ్చిన ఆలై ఎక్స్‌కు మాత్రము 80 మిల్లీమీటర్ల పొడవు గల పలక పట్టును. కావున కొనుటకు ముందు తమ యంత్రపు పేరును పూర్తిగా చదువుకొనవలెను. 42 మిల్లీమీటర్ల పలకను లోపల సర్దుబాటు చేసి ఇరికించుటకు కొందరు ప్రయత్నించిరి. అవి ఎక్కువ విద్యుత్తును త్రాగి ఎక్కువ వేడెక్కునని, యంత్రపు ఆయువు తగ్గునని 2022 లో వాల్వ్ వారే హెచ్చరించిరి. చిప్పులు ఒక ప్రక్కనే యున్న పలకను ఎన్నుకొనుడు. 1 టెరాబైటు పలకను పెట్టిన పిమ్మట కంప్యూటరు 931 గిగాబైట్లనియే చూపినచో మోసపోతిమని చింతింపవలదు. తయారీదారులు వేయి చొప్పున, కొన్ని కంప్యూటర్లు 1024 చొప్పున లెక్కించుటచే వచ్చిన భేదమది. మిక్కిలి చౌకగా దొరకు పెద్ద పలకలను మాత్రము నమ్మరాదు. పైన 2 టెరాబైట్లని వ్రాసి లోపల చిన్న చిప్పు నుంచిన నకిలీలు అమ్ముడగుచున్నవి.

ఇక తెరచుట. మొదట మెమరీ కార్డును తీసి ప్రక్కన పెట్టవలెను. దీనిని మరచి వెనుక మూతను పెకలించినవారి కార్డులు రెండు తునుకలైనవి. బ్యాటరీ నాలుగవ వంతునకు దిగువగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టుట మంచిది. నిండుగానున్న లిథియము బ్యాటరీకి గాయమైనచో మంట లేచు ప్రమాదము హెచ్చు. పెట్టె ఆగియున్నప్పుడు ధ్వని హెచ్చించు మీటను, పవర్ మీటను కలిపి నొక్కినచో అమరిక పట్టిక వచ్చును. అందు 'బ్యాటరీ స్టోరేజ్ మోడ్' అనుదానిని ఎన్నుకొనవలెను. దానితో బ్యాటరీ నిద్రపోవును. తిరిగి ఛార్జరు తగిలించువరకు మేల్కొనదు.

తొలి నమూనా వెనుక ఎనిమిది స్క్రూలు ఉండును. అవి రెండు పొడవులవి. కాగితముపై పెట్టె బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూను దాని స్థానమున గ్రుచ్చి ఉంచినచో తిరిగి బిగించునప్పుడు తడబాటు ఉండదు. ఓ.ఎల్.ఇ.డి. నమూనా స్క్రూల తలలు నక్షత్రాకారములు. వానికి వేరు స్క్రూడ్రైవరు కావలెను. మూతను ఇనుప మొనతో కాక, చెల్లిన ఏ.టి.ఎం. కార్డు వంటి ప్లాస్టిక్ ముక్కతో అంచుల వెంబడి మెల్లగా విడదీయవలెను. లోపల కనుపించు లోహపు రేకును మూడు స్క్రూలు పట్టియుండును. వానిలో ఒకటి వెండిరంగు పట్టీ క్రింద దాగియుండును. రేకు తీసిన పిమ్మట, మరి దేనిని ముట్టకముందే బ్యాటరీ కనెక్టరును దాని పట్టీతో మెల్లగా వెనుకకు లాగి విడదీయవలెను. తీగలను పట్టి లాగరాదు.

అప్పుడు మన పలక కనబడును. దానిని ఒక్క స్క్రూ మాత్రమే పట్టియుండును. అది తీయగానే పలక ఒక కొన పైకి లేచును, ఏటవాలుగా లాగవలెను. పాత పలకకు లోహపు తొడుగు ఒకటి ఉండును. దానిని పారవేయక క్రొత్త పలకకు తొడుగవలెను. రేడియోలో ఐ.ఎఫ్. ట్రాన్స్‌ఫార్మరుపై అల్యూమినియము డబ్బా ఎందుకున్నదో, ఈ తొడుగును అందుకే ఉన్నది: ఒక భాగపు విద్యుత్తరంగముల అలజడి ప్రక్క భాగమునకు సోకకుండుటకు. క్రొత్త పలకను ఏటవాలుగా దూర్చి, అదిమి, స్క్రూ బిగించి, తీసిన క్రమమునకు విపరీత క్రమమున అన్నియు అమర్చవలెను. తొలి నమూనా స్క్రూలు నేరుగా ప్లాస్టిక్‌లోనే దిగును. వానిని మొదట వెనుకకు త్రిప్పి, పాత గాడిలో 'టక్కు'మని కూర్చున్న పిమ్మట ముందుకు త్రిప్పినచో గాడి చెడదు.

తీరవాసులకు ప్రత్యేకముగా ఒక మాట. వంటింటి ఉప్పు జాడీ వానకాలమున చెమర్చుట అందరికిని తెలిసినదే. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతము దాటినచో శుద్ధమైన ఉప్పు తేమను పీల్చి కరుగును; సముద్రపు గాలిలోని ఉప్పునందు మెగ్నీషియము లవణములు కలియుటచే అంతకు ముందే చెమర్చును. పలక అంచుననున్న బంగారుపూత గల పట్టీలపై అట్టి చెమట పడినచో, కొంతకాలమునకు త్రుప్పు దిగి స్పర్శ చెడును. వ్రేళ్ళ చెమటయు ఉప్పుదే. కావున తీరమందు ఈ పనిని తెల్లవారుజామున కాక, ఎండ వచ్చి గాలి కొంత ఆరిన వేళ, కిటికీలు మూసి, పంకా ఆపి చేయవలెను. చేతులు కడిగి తుడుచుకొని, పలకను అంచులతో పట్టవలెను. అంతకు ముందు నేలకు తగిలియున్న లోహపు వస్తువును ఒకసారి ముట్టినచో ఒంటిపై చేరిన స్థిరవిద్యుత్తు పోవును. తేమగాలిలో స్థిరవిద్యుత్తు తక్కువే గాని, ఏ.సి. గదిలో తేమ తగ్గి అది హెచ్చును. ఒకచోట ఉప్పు, ఒకచోట నిప్పురవ్వ. రెంటికిని జాగ్రత్త అవసరమే.

క్రొత్త పలక ఖాళీ మడి వంటిది. అందులో మొదట స్టీమ్ ఓ.ఎస్. ను ఎక్కించవలెను. దీనికి వాల్వ్ వారు ఇచ్చు ఫైలును మరియొక కంప్యూటరులో, కనీసము 8 గిగాబైట్ల పెన్ డ్రైవుపైకి ముందుగానే వ్రాసి ఉంచుకొనవలెను. దాచిన దాఖలాలున్న పెన్ డ్రైవును దీనికి వాడరాదు, అది తుడిచిపెట్టుకొనిపోవును. రెండవ పెన్ డ్రైవు తప్పనిసరి. ఛార్జరు తగిలించి పెట్టెను మేల్కొలిపి ఆపిన పిమ్మట, ధ్వని తగ్గించు మీటను, పవర్ మీటను కలిపి నొక్కినచో ఎచ్చటి నుండి మొదలుపెట్టవలెనని అడుగును. పెన్ డ్రైవును చూపవలెను. పని ముగియగానే ఖాతాలో ప్రవేశించి, ఆటలను ఎక్కించి, కట్టకడపట దాచిన దాఖలాలను వాని స్థానములలో ఉంచవలెను.

పాత పలకను వెంటనే తుడుచుటగాని అమ్ముటగాని తగదు. ఒక మాసము అన్నియు సరిగా నడచిన పిమ్మట ఆలోచింపవచ్చును. అట్లని బీరువాలో పెట్టి ఏండ్ల తరబడి మరచుటయు తగదు. గృహోపయోగపు పలకలకు తయారీదారులు పాటించు ప్రమాణము ప్రకారము, పూర్తిగా అరిగిన పలక విద్యుత్తు లేకయే 30 డిగ్రీల వేడిమిలో ఒక సంవత్సరము దాఖలాను నిలిపినచో చాలును. క్రొత్త పలకలు అంతకన్న పెక్కు రెట్లు నిలుపును. అయినను మన నెల్లూరు ఎండ 30 దగ్గర ఆగునది కాదు కదా! పలక పనిచేయుటకేగాని పాతిపెట్టుటకు కాదు. ముఖ్యమైన దాఖలా రెండు చోట్ల ఉండవలెను. ఏడాదికొకసారియైనను తెరచి చూచుచుండవలెను.

ఈ ప్రసంగము సిద్ధమగుచుండగా ఆ ఉపాధ్యాయుల నుండి రెండవ జాబు వచ్చినది. మేము వ్రాసి పంపిన సూచన ప్రకారము తండ్రీకొడుకులు కూర్చుండి జాబితా వేసిరట. పదునొకండు ఆటలలో పది క్లౌడులో ఉన్నవి. లేనిది ఒక్కటే: ఆ వ్యవసాయపు ఆట. దానిని అన్న వేరొక చోట కొని ఎక్కించెను. దాఖలాను నకలు చేసి, బంధువుల కంప్యూటరులో తెరచి, చేను, పాక, బావి యథాతథముగా కనబడిన పిమ్మటనే చిన్నవాడు స్క్రూడ్రైవరు తెచ్చి ఇచ్చెనట. ఆదివారము మధ్యాహ్నము పలక మారినది. పంట కోతకు వచ్చియున్నను, అన్న ఓడ దిగి వచ్చువరకు కోయనని వాడు పట్టుపట్టి కూర్చున్నాడని తండ్రి వ్రాసినారు.